తులసీదాస్ బలరాం: అమ్ముగూడ నుంచి రోమ్ దాకా

తులసీదాస్ బలరాం (1936–2023) సికింద్రాబాద్ కంటోన్మెంటు పక్కనున్న అమ్ముగూడలో పుట్టిన ఫుట్‌బాల్ ఆటగాడు. భారత జట్టు తరఫున 1956, 1960 ఒలింపిక్స్‌కు, 1958, 1962 ఆసియా క్రీడలకు వెళ్లాడు. జకార్తాలో స్వర్ణం గెలిచిన జట్టులో ఎడమవైపు ఫార్వర్డ్. కలకత్తా ఈస్ట్ బెంగాల్ క్లబ్బుకు నూరుకు పైగా గోల్స్ కొట్టి, ఆ జట్టుకు నాయకత్వం వహించి, 27 ఏళ్లు నిండీ నిండకముందే అనారోగ్యంతో ఆట మానేశాడు. భారత ఫుట్‌బాల్ చరిత్ర ఎవరు రాసినా పి.కె. బెనర్జీ, చునీ గోస్వామి, బలరాం ముగ్గురినీ కలిపే చెబుతారు. మొదటి ఇద్దరి పేర్లు బెంగాల్‌లో చిన్నపిల్లలకూ తెలుసు. మూడో ఆయన పేరు సొంత గడ్డ మీద చాలామంది విననైనా వినలేదు.

సంగారెడ్డి దగ్గర పోతిరెడ్డిపల్లి చౌరస్తాలో బస్సు కోసం నిలబడ్డవాళ్లను మన దగ్గరి ఆటగాళ్ల పేర్లు చెప్పమనండి. అజారుద్దీన్, లక్ష్మణ్, సిరాజ్ అంటారు. సైనా, సింధు, సానియా, నిఖత్ జరీన్ అంటారు. ఫుట్‌బాల్‌లో మనవాళ్లెవరని అడిగితే ఆలోచనలో పడతారు. 1950లలో మాత్రం దేశానికి ఫుట్‌బాల్ ఆటగాళ్లను ఇచ్చిన ఊళ్లలో కలకత్తా తర్వాత హైదరాబాదే గుర్తొచ్చేది. కొన్నేళ్లయితే కలకత్తా కంటే ముందు కూడా.

బలరాం మరుగున పడటానికి ఆయన పుట్టుపూర్వోత్తరాలే ఒక కారణం. ఇంట్లో తమిళం, వీధిలో తెలుగు, ఉర్దూ. పేరు తెచ్చుకున్నది కలకత్తాలో, చివరిదాకా ఉన్నది హుగ్లీ ఒడ్డున ఉత్తర్‌పాడాలో. తమిళులకు ఆయన హైదరాబాదీ, హైదరాబాదీలకు కలకత్తా ఆటగాడు, కలకత్తా వాళ్లకు దక్షిణాది నుంచి వచ్చినవాడు. ఎవరి లెక్కలోనూ పూర్తిగా పడలేదు. సికింద్రాబాద్ లాంటి దండు ఊళ్లలో పుట్టిన చాలామంది సంగతి ఇంతే.

అమ్ముగూడ అంటే ఇప్పుడు మల్కాజ్‌గిరి, బొల్లారం మధ్య రైలు ఆగే ఒక చిన్న స్టేషన్. బలరాం పుట్టేనాటికి చుట్టుపక్కల తిరుమలగిరి, బొల్లారం అంతా బ్రిటిష్ పటాలాలే. పటాలం ఉన్నచోట మైదానం ఉంటుంది, మైదానం ఉన్నచోట సాయంత్రం ఫుట్‌బాల్ ఉంటుంది. సిపాయిలకు వండిపెట్టేవాళ్లు, బట్టలుతికేవాళ్లు, గుర్రాలు చూసేవాళ్లు, గుమాస్తాలు తమిళ ప్రాంతం నుంచి వచ్చి ఆ చుట్టుపక్కలే స్థిరపడ్డారు. వాళ్ల పిల్లలు గీత అవతల నిలబడి చూస్తూ ఆట నేర్చుకున్నారు. తర్వాత భారత గోల్‌కీపర్ అయిన పీటర్ తంగరాజ్ కూడా ఇక్కడివాడే. సికింద్రాబాద్ మార్నింగ్ స్టార్, ఫ్రెండ్స్ యూనియన్ లాంటి చిన్న క్లబ్బుల్లో ఆడి మద్రాస్ రెజిమెంట్‌లో చేరాడు.

బలరాం ఇంట్లో డబ్బుకు ఇబ్బంది. బూట్లు కొనే స్తోమత లేదు. ఆయన చిన్నతనం గురించి చెప్పుకొనే కథల్లో ఒకటి ఇది: పుస్తకాలకని ఇంట్లో డబ్బు అడిగి, ఒక చెప్పులు కుట్టేవాడి దగ్గరికి పోయి, పాత పోలీసు బూట్ల తోలుతో ఫుట్‌బాల్ బూట్లు కుట్టించుకున్నాడట. వివరాలు ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు. అయితే కాలం మాత్రం సరిగ్గా కుదురుతుంది. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో భారత్ 1–10తో ఓడింది. మన ఆటగాళ్లలో చాలామంది అప్పటిదాకా వట్టి కాళ్లతోనో, కాలికి పట్టీ చుట్టుకునో ఆడేవారు. ఆ ఓటమి తర్వాతే బూట్లు తప్పనిసరి అయ్యాయి. బలరాం అచ్చంగా బూట్ల తరం కుర్రాడు.

ఆర్మీ కంబాట్ ఫోర్స్ జట్టులోను, హైదరాబాద్ రైడర్స్ క్లబ్బులోను ఆడుతున్న రోజుల్లో ఆయన సయ్యద్ అబ్దుల్ రహీం కంటపడ్డాడు.

రహీం సంగతి చెప్పకుండా బలరాం కథ నడవదు. 1909లో హైదరాబాద్‌లో పుట్టిన రహీం వృత్తిరీత్యా బడిపంతులు. ఆటగాళ్లందరికీ రహీం సాబ్. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు శిక్షకుడిగా ఆయన చేసిన పని అంతకుముందు దేశంలో ఎవరూ చేయలేదు. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. ఢిల్లీ డ్యూరాండ్ కప్పును 1950లో, 1954లో, 1957లో తెచ్చింది. కానిస్టేబుళ్ల జట్టు కలకత్తా దిగ్గజాలను వాళ్లకు అలవాటైన పోటీల్లోనే ఓడించి వచ్చేది.

ఆయన పద్ధతులు ఇప్పటికీ ఆశ్చర్యం కలిగిస్తాయి. బంతిని కాలి దగ్గర పెట్టుకుని ఒక్కడే పరుగెత్తడం మనవాళ్లకు బాగా ఇష్టం. ఆ జబ్బు కుదర్చడానికి డ్రిబ్లింగ్ నిషేధించిన పోటీలు పెట్టాడు: బంతి వచ్చిందా, వెంటనే మరొకరికి ఇచ్చేయాలి. బలహీనమైన కాలితో మాత్రమే తన్నాలనే నియమంతో ఇంకో పోటీ. కుడికాలి వాటం వాడు ఎడమకాలితో తంటాలు పడుతుంటే చూసేవాళ్లకు నవ్వులాటగానే ఉండి ఉంటుంది. కానీ రెండు కాళ్లూ ఒకేలా వాడే ఆటగాళ్లు ఆ నవ్వులాటలోంచే తయారయ్యారు. బలరాం ఎడమవైపు లోపలా ఆడగలడు, అంచునా ఆడగలడు, అవసరమైతే మధ్యలోనూ ఆడగలడు. ఆ వెసులుబాటు ఈ బడిలో దొరికిందే.

సంతోష్ ట్రోఫీకి హైదరాబాద్ జట్టును తయారుచేస్తూ రహీం ఆయన్ను శిక్షణకు రమ్మన్నాడు. అమ్ముగూడ నుంచి రోజూ నగరంలోకి వచ్చిపోవడానికి బలరాం దగ్గర సైకిల్ లేదు. రహీం తన జేబులోంచి రోజుకో రూపాయి ఇచ్చి అద్దె సైకిల్ మీద రమ్మన్నాడు. బలరాం పేరు ఎత్తితే ముందుగా వచ్చే ముచ్చట ఇదే, దీనికి కారణమూ ఉంది. ఆనాటి ఫుట్‌బాల్‌లో డబ్బు ఏ తీరులో చేతులు మారేదో అది చూపిస్తుంది. ఒప్పంద పత్రం లేదు, జీతం లేదు. శిక్షకుడి రూపాయి ఉంది.

1956–57 సంతోష్ ట్రోఫీ ఫైనల్లో హైదరాబాద్ బొంబాయిని 4–1తో ఓడించి కప్పు గెలిచింది. నిజాం రాజ్యం పోయి, హైదరాబాద్ రాష్ట్రం కూడా ఆంధ్రప్రదేశ్‌లో కలిసిపోయిన కాలం అది. రాష్ట్రం పేరు చరిత్రలో కలిసినా జట్టు పేరు మాత్రం మైదానంలో ఇంకా వినబడుతూనే ఉంది.

ఆ చలికాలంలోనే మెల్‌బోర్న్ ఒలింపిక్స్. రహీం శిక్షకుడు, బలరాం జట్టులో ఇరవై ఏళ్ల కుర్రాడు. హంగేరీ రాకపోవడంతో మొదటి మెట్టు ఆడకుండానే దాటారు. తర్వాత ఆతిథ్య ఆస్ట్రేలియాను 4–2తో ఓడించారు. బొంబాయి ఆటగాడు నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీఫైనల్‌కు చేరిన తొలి ఆసియా దేశం భారత్. అక్కడ యుగోస్లావియా 4–1తోను, కాంస్య పోటీలో బల్గేరియా 3–0తోను మనల్ని ఓడించాయి. హెల్సింకీలో పది గోల్స్ వేసిన దేశం నాలుగేళ్లకు నాలుగుతో సరిపెట్టుకుంది. ఆ తేడాలో రహీం పనితనం కనబడుతుంది.

1957లో బలరాం కలకత్తా వెళ్లిపోయాడు.

వెళ్లక తప్పని పరిస్థితి. హైదరాబాద్‌లో ఆటగాడికి బతుకుదెరువు అంటే పోలీసు శాఖలోనో మరో సర్కారు శాఖలోనో చిన్న ఉద్యోగం. స్పోర్ట్స్ కోటా మాట వింటూ పెరిగిన రామచంద్రాపురం, పటాన్‌చెరు పారిశ్రామికవాడ జనానికి ఈ పద్ధతి విడమరచి చెప్పనక్కర్లేదు: ఆట ఉన్నన్నాళ్లూ ఆట, ఆ తర్వాత పింఛను దాకా కుర్చీ. భద్రత ఉంది, పైసలు లేవు. కలకత్తాలో దీనికి వ్యతిరేకం. అక్కడి పెద్ద క్లబ్బులు కాగితం మీద అమెచ్యూర్ సంఘాలే. ఒలింపిక్స్ ఆడాలంటే ఆటగాళ్లు కూడా అమెచ్యూర్లుగానే ఉండాలి కదా. కానీ తెర వెనుక క్లబ్బు అధికారులు ఆటగాళ్లకు బస చూపేవారు, భోజనం పెట్టేవారు, చేతిలో డబ్బు పెట్టేవారు, ఎక్కడో ఒకచోట ఉద్యోగం వేయించేవారు. క్లబ్బులు మారే వారాల్లో ఆటగాళ్లను ప్రత్యర్థులకు దొరక్కుండా దాచిపెట్టేవారని కథలు కథలుగా చెప్పుకుంటారు. ఇంగ్లండ్‌లో వృత్తి ఫుట్‌బాల్‌ను 1885లోనే చట్టబద్ధం చేశారు. మన దగ్గర మరో నూరేళ్లు అది పేరు లేకుండానే నడిచింది. బలరాం వృత్తి ఆటగాడా అంటే, ఏ రిజిస్టరులోనూ కాదు. పొద్దున లేచింది మొదలు చేసిన పని చూస్తే ముమ్మాటికీ అవును.

ఈస్ట్ బెంగాల్ దక్షిణాది వాళ్లను తెచ్చుకోవడం కొత్త కాదు. 1949 నుంచి కొన్నేళ్లపాటు ఆ జట్టు ఫార్వర్డ్ వరుసను పంచపాండవులు అని పిలిచేవారు. వెంకటేశ్, అప్పారావు, ధన్‌రాజ్, అహ్మద్ ఖాన్, సాలే ఆ ఐదుగురు. పేర్లు వింటేనే బెంగాల్ వాళ్లు కాదని తెలిసిపోతుంది. దేశవిభజనతో తూర్పు బెంగాల్ నుంచి కట్టుబట్టలతో వచ్చినవాళ్లు ఆ క్లబ్బు అభిమానులు. మోహన్ బగాన్ మీద గెలిచిన రోజు వాళ్ల ఇళ్లలో పులస చేప వండాల్సిందే. ఆ అభిమానం తమిళం మాట్లాడే హైదరాబాదీ కుర్రాణ్ని సొంతం చేసుకోవడానికి ఎంతో కాలం పట్టలేదు.

ఆరు సీజన్లలో ఆయన ఈస్ట్ బెంగాల్‌కు 104 గోల్స్ కొట్టాడు. 1958లో ఐ.ఎఫ్.ఎ. షీల్డ్ గెలిచిన జట్టులో ఉన్నాడు. 1960లో డ్యూరాండ్ కప్పును మోహన్ బగాన్‌తో పంచుకున్న జట్టులోనూ ఉన్నాడు. అన్నిటికంటే పెద్దది 1961. ఆ ఏడాది ఆయనే కెప్టెన్. 1952 తర్వాత మళ్లీ అందని కలకత్తా లీగ్ టైటిల్ ఈస్ట్ బెంగాల్‌కు అప్పుడు దక్కింది. 23 గోల్స్‌తో లీగ్‌లో అందరికంటే ఎక్కువ కొట్టింది కూడా కెప్టెనే. సంతోష్ ట్రోఫీని మొదట హైదరాబాద్ తరఫున, తర్వాత బెంగాల్ తరఫున గెలిచిన అరుదైన ఆటగాళ్లలో ఆయన ఒకడు.

ఆయన ఆట ఎలా ఉండేదో చూద్దామంటే చిత్రాలు దాదాపు లేవు. చూసినవాళ్లు రాసిందంతా ఒక్క మాట మీద నిలుస్తుంది: బంతి మీద అదుపు. పి.కె. బెనర్జీది కుడి అంచు మీద వేగం, గట్టి షాట్. చునీ గోస్వామిది సొగసు, ఒంటిచేత్తో ముగ్గురిని దాటే నేర్పు. బలరాం బంతిని ఆపేవాడు, చూసేవాడు, ఎవరికి అందాలో వాళ్లకు అందించేవాడు, సందు దొరికితే తానే కొట్టేవాడు. మిగతా ఇద్దరూ మెరవడానికి చాలాసార్లు మూడోవాడి పాస్ కారణం. ఫుట్‌బాల్‌లో ఇలాంటి ఆటగాళ్లను తోటి ఆటగాళ్లు నెత్తిన పెట్టుకుంటారు. జనం మరచిపోతారు.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో మాత్రం మరచిపోవడానికి వీలులేకుండా ఆడాడు. భారత్ పడిన గ్రూపులో హంగేరీ, ఫ్రాన్స్, పెరూ ఉన్నాయి. హంగేరీలో ఫ్లోరియన్ ఆల్బర్ట్ ఉన్నాడు, ఏడేళ్ల తర్వాత యూరప్ ఉత్తమ ఆటగాడైనవాడు. ఆ జట్టుతో లక్విలాలో జరిగిన మ్యాచ్‌లో భారత్ 1–2తో ఓడింది. ఆ ఒక్క గోల్ బలరాందే. మూడు రోజుల తర్వాత ఫ్రాన్స్‌తో 1–1. గోల్ కెప్టెన్ బెనర్జీది. ఆట ముగియడానికి పది నిమిషాల లోపే ఉందనగా ఫ్రాన్స్ సమం చేసింది. చివరి మ్యాచ్‌లో పెరూ 3–1తో గెలిచింది. మన గోల్ మళ్లీ బలరాందే. భారత్ మొత్తం మూడు గోల్స్ కొడితే రెండు అమ్ముగూడ కుర్రాడివి. గ్రూపులో చివరి స్థానమే దక్కినా ఆ టోర్నీలో కాంస్యం గెలిచిన హంగేరీని అంతగా ఇబ్బంది పెట్టిన జట్టది. ఆ తర్వాత భారత పురుషుల ఫుట్‌బాల్ జట్టు ఇప్పటిదాకా ఒలింపిక్స్ గడప తొక్కలేదు. కనుక ఒలింపిక్స్‌లో భారత్ కొట్టిన చివరి గోల్ కూడా ఆయన ఖాతాలోనే ఉండిపోయింది.

రెండేళ్లకు జకార్తా. 1962 ఆసియా క్రీడల కథ ఇప్పటికి చాలామందికి తెలుసు. అజయ్ దేవగణ్ రహీంగా నటించిన ‘మైదాన్’ సినిమా 2024లో వచ్చాక ఇంకా బాగా తెలిసింది. ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులను ఇండోనేషియా రానివ్వకపోవడాన్ని భారత ప్రతినిధి గురుదత్ సోంధీ తప్పుపట్టాడు. దాంతో అక్కడి జనం మన జట్టు మీద కోపం తీర్చుకున్నారు. రహీం అప్పటికే క్యాన్సర్‌తో బాధపడుతున్నాడు. మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా 2–0తో మనల్ని ఓడించింది. రెండో మ్యాచ్‌లో థాయ్‌లాండ్‌పై 4–1, మూడో మ్యాచ్‌లో జపాన్‌పై 2–0. రెండింటిలోనూ బలరాం ఒక్కో గోల్ వేశాడు. ఆ రెండు గెలుపులూ లేకపోతే సెమీఫైనల్ లేదు. సెమీస్‌లో దక్షిణ వియత్నాంను 3–2తో దాటారు.

సెప్టెంబర్ 4న ఫైనల్. లక్షమంది పట్టే సెనాయన్ స్టేడియంలో ఎదుట మళ్లీ దక్షిణ కొరియా. తలకు కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను రహీం ముందుకు పంపి ఫార్వర్డ్‌గా ఆడించాడు. మొదటి ఇరవై నిమిషాల్లో బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి కొట్టారు. కొరియా ఆఖర్లో ఒకటి తిరిగి ఇచ్చింది. 2–1తో భారత్ గెలిచింది. గోల్‌లో తంగరాజ్, మధ్యలో యూసుఫ్ ఖాన్, ఎడమ అంచున బలరాం: ఆ పదకొండు మందిలో ముగ్గురు జంటనగరాల వాళ్లు, బయట కూర్చున్న గురువుదీ అదే ఊరు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్ ఆ తర్వాత మళ్లీ స్వర్ణం గెలవలేదు.

అర్జున అవార్డు 1961లో మొదలైంది. ఫుట్‌బాల్‌కు తొలి ఏడాది బెనర్జీకి, 1962కు బలరాంకు, 1963కు చునీ గోస్వామికి ఇచ్చారు. అంతవరకూ ముగ్గురూ సమానమే. ఆ తర్వాతి లెక్క వేరు. గోస్వామికి 1983లో, బెనర్జీకి 1990లో పద్మశ్రీ వచ్చింది. బలరాంకు బతికుండగా ఆ పురస్కారం రానేలేదు. ఎందుకని వెతికితే ఆటలో కారణం కనబడదు. బెనర్జీ ఆట మానేశాక దేశంలోనే పేరున్న శిక్షకుడయ్యాడు. గోస్వామి రంజీ క్రికెట్‌లో బెంగాల్ కెప్టెన్‌గానూ వెలిగాడు. ఇద్దరూ ఎప్పుడూ జనం కళ్ల ముందే ఉన్నారు. బలరాం మాట తక్కువ, మొహమాటం ఎక్కువ. తన తరఫున చెప్పే రాష్ట్రమూ లేదు.

1963లో ఆయన ఈస్ట్ బెంగాల్ వదిలి బి.ఎన్.ఆర్.లో చేరాడు. అది రైల్వే జట్టు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఆగ్నేయ రైల్వేగా మారినా జట్టు పాత పేరే ఉంచుకుంది. అదే ఏడు ఊపిరితిత్తుల జబ్బు పట్టుకుంది. ప్లూరసీ అన్నారు. వైద్యులు ఆట వద్దన్నారు. అదే ఏడు జూన్ 11న హైదరాబాద్‌లో రహీం కన్నుమూశాడు. గురువు పోవడం, శిష్యుడు ఆట మానడం ఒకే ఏడాదిలో జరిగిపోయాయి.

ఆ తర్వాత అరవై ఏళ్లు. పెళ్లి చేసుకోలేదు. రైల్వే జట్టుకు శిక్షణ ఇచ్చాడు, కలకత్తాలో కుర్రవాళ్లను వెతికి తయారుచేశాడు, ఉత్తర్‌పాడాలో ఒక చిన్న ఫ్లాట్‌లో ఉండిపోయాడు. ఒకప్పుడు తలకెత్తుకున్న ఈస్ట్ బెంగాల్‌తో మనసు విరిగింది. చనిపోయాక తన శరీరాన్ని ఆ క్లబ్బుకు తీసుకువెళ్లొద్దని చెప్పేదాకా ఆ నొప్పి వెళ్లింది. 2020లో బెనర్జీ మార్చిలో, గోస్వామి ఏప్రిల్‌లో పోయారు. ముగ్గురిలో మిగిలిన ఒక్కడూ 2023 ఫిబ్రవరి 16న కోల్‌కతాలో 86 ఏళ్ల వయసులో మరణించాడు. అదే సంవత్సరం ఆగస్టు 15న హైదరాబాద్‌లో మహమ్మద్ హబీబ్ పోయాడు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టు సభ్యుడు. 1977లో పీలే వచ్చిన కాస్మోస్ జట్టుతో మోహన్ బగాన్ తరఫున ఆడినవాడు.

హబీబ్, ఆ కాంస్య జట్టు కెప్టెన్ నయీముద్దీన్, తర్వాత వచ్చిన షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్ అందరూ కలకత్తా దారి పట్టినవాళ్లే. ఆంధ్రప్రదేశ్ 1965–66లో సంతోష్ ట్రోఫీ గెలిచింది. సిటీ పోలీస్ వారసత్వం కొంతకాలం ఆంధ్రప్రదేశ్ పోలీస్ జట్టు మోసింది. కానీ రహీం లాంటి శిక్షకుడు మళ్లీ రాలేదు. వచ్చిన ఆటగాణ్ని ఊళ్లోనే నిలబెట్టే పైసా ఏ శాఖ దగ్గరా లేదు. 2022 మార్చిలో హైదరాబాద్ ఎఫ్.సి. గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. ఊరి పేరున్న జట్టు అంత పెద్ద కప్పు గెలవడం చాలాకాలానికి జరిగింది. గెలిపించిన కాళ్లు మాత్రం ఎక్కువగా వేరే ఊళ్లవి.

తెలంగాణ నుంచి ఇప్పుడు దేశ జట్టుకు ఆడుతున్నవాళ్లలో నిజామాబాద్ జిల్లా గుగులోత్ సౌమ్య ఒకరు. లంబాడా తండా నుంచి వచ్చిన వింగర్. 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ మహిళల జట్టుకు ఆడింది. 2024–25 సీజన్లో ఆమె ఈస్ట్ బెంగాల్ తరఫున ఆడుతుండగా ఆ క్లబ్బు తొలిసారి ఇండియన్ విమెన్స్ లీగ్ గెలిచింది. అదే సీజన్‌కు అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఆమెను దేశంలో ఉత్తమ మహిళా ఆటగాళ్లలో మొదటి స్థానంలో నిలిపి ఏటా ఇచ్చే అవార్డు అందించింది.